పూజిత చీటీలో సగం

జులై 3, గురువారం

పదిహేనేళ్ళ పిల్లకు ఒక పుస్తకం తీసి "ఇది చదువమ్మా" అని చేతిలో పెట్టేటప్పుడు, ఆ పెట్టడం ఆ పిల్ల కోసమా, నా కోసమా? ఈ బడిలో లైబ్రరీ చూడటం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్ళు. ప్రశ్న మొదటి ఏడాదే పుట్టింది. జవాబు దొరక్కుండానే రోజూ పుస్తకాలు ఇస్తూ ఉన్నాను.

ఇవాళ జులై గోడపత్రిక పూర్తయింది. తెల్ల చార్టు, నీలం స్కెచ్‌పెన్ను. పైన "మన లైబ్రరీ కబుర్లు". కొత్త పుస్తకాలు ఇరవై రెండు వచ్చాయి. తొమ్మిదో తరగతికి లైబ్రరీ పీరియడు ఇకనుంచి బుధవారం. చిరిగిన పుస్తకాలకు ప్రతి శనివారం మందు. జిగురు పూయడాన్ని మందు అంటారు పిల్లలు, ఆ మాటే రాశాను. కింద "ఈ నెల ఇవి చదవండి" అని నాలుగు పుస్తకాలు, ఒక్కోదాని పక్కన చదివినవాళ్ళ మాట.

ఆ పద్ధతి నేను పెట్టిందే. ప్రతి పుస్తకం వెనకట్టకు కాగితం జేబు, అందులో ఖాళీ చీటీ. చదివాక రెండు ముక్కలు రాసి పుస్తకంతో పాటు ఇవ్వాలి. బాగున్నవి పేరుతో సహా గోడకెక్కుతాయి. నేను చెబితే వినని పిల్లలు పక్కబెంచీ వాళ్ళు చెబితే చదువుతారు. చార్టు మీద ఒక్కొక్కరికి నాలుగు గీతల చోటు.

ఈసారి అందరికంటే పైన పూజిత. తొమ్మిది బి. కిషన్‌బాగ్‌లో బర్రెల కొట్టం వాళ్ళది, తండ్రి భిక్షపతి హోటళ్ళకు పాలు పోస్తాడు. పిల్ల ఎప్పుడూ నన్ను ఏమీ అడగదు. బీరువా ముందు తల పక్కకు వంచి నిలబడి, అట్టల మీద పేర్లు చదువుకుని తనే ఒకటి లాక్కుంటుంది. ఈసారి లాగింది "రైలు పుస్తకం". దాని అసలు పేరు ఎవరూ పలకరు. అందులో అమ్మాయి ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా రైలెక్కి వెళ్ళిపోతుంది. పూజిత రాసింది:

"ఈ పిల్ల ఇల్లు ఇడిసి పోతది. చదువుతుంటే నాగ్గూడ ఒక్కోసారి పోవాలనిపిస్తది."

చీటీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. భాష కూడా దిద్దలేదు. పద్దెనిమిదేళ్ళలో ఇంత నిజమైన మాట ఏ చీటీలోనూ చూడలేదు.

జులై 7, సోమవారం

రైలు పుస్తకానికి తొమ్మిదిమంది వరుసలో ఉన్నారు. ఉన్నది ఒకటే కాపీ. పూజిత పక్కన కూర్చునే స్రవ్య నా బల్ల వదలలేదు.

"నాకు ముందియ్యుండ్రి మేడం. రెండు దినాల్ల చదివి తెస్త."

"మొన్నటి పుస్తకం రెండు నెలలు ఉంచుకున్నవ్."

"అది మీరు చెప్పిన పుస్తకం మేడం. ఇది పూజిత చెప్పింది."

నాకు కోపం రాలేదు. నేను కోరుకున్నదే ఇది.

హెడ్మాస్టరు వెంకటనారాయణ సార్ చార్టుకు ఫొటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఇప్పటిదాకా ఎప్పుడూ పెట్టలేదు. "గిట్లాంటివి పదిమంది చూడాలె కౌముది మేడం" అన్నారు. ఇంటికొచ్చేదాకా ఆ మాట వెంటే వచ్చింది.

జులై 9, బుధవారం

తొమ్మిది బి పీరియడు. పూజిత రాలేదు. నిన్న కూడా రాలేదట. వానలు పడుతున్నాయి, ఇంటింటా జ్వరాలు.

జులై 10

ఇవాళా లేదు.

జులై 11, శుక్రవారం

భిక్షపతి వచ్చాడు. పాలడబ్బాల బండి గేటు బయట ఆపి, సార్ గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఫోన్లో ఆ ఫొటో తీసి, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపించాడు.

"గిది మా పిల్ల రాసిందేనా సార్?"

సార్ నా వైపు చూశారు. "ఆమె రాసిందే" అన్నాను.

"ఇల్లు ఇడిసి పోవాలనిపిస్తదని గోడకు రాస్తరా మేడం? నేను సదువుకోలే. గిది నాకు సదివి ఇనిపిచ్చింది ఎవలో ఎరికెనా? నేను పాలు పోసే హోటల్ల గల్లా కాడ కూసునేటాయన. ఆయన బిడ్డ గూడ ఈ బడే. 'క్యా భిక్షపతి భాయ్, బేటీ ఘర్ సే బేజార్ హోగయీ క్యా' అన్నడు, బిడ్డకు ఇల్లంటే యాష్టకొచ్చిందా అని. చాయ్ తాగెటోళ్ళందరు నవ్విండ్రు."

"అది కథ గురించి రాసింది భిక్షపతీ" అన్నారు సార్.

"కథ గురించైతే కథల పిల్ల పేరుండాలె సార్. మా పిల్ల పేరుంది. క్లాసుంది. సెక్షన్ గూడ ఉంది."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"నేనేం కొట్టలే మేడం. అడిగిన. ఇంట్ల ఏం తక్కువైందిరా బిడ్డా అని. ఏడుస్తది గని మాట్లాడది. బోనాలైనంక మా చెల్లె కాడికి తోలుత. ఆడ మిషన్ కుట్టుడు నేర్చుకుంటది. సదివింది సాలు."

"ఆమె రాసింది రాసినట్టే పెట్టిన భిక్షపతిగారూ" అన్నాను.

అది నిజమే.

అతను వెళ్ళాక సార్ చార్టు తీసేయమన్నారు. తీసి, చుట్టి, స్పోర్ట్సు సామాను గదిలో పెట్టాను.

జులై 12, శనివారం

ఇంట్లో మా ఆయనకు చెప్పాను. నందకిశోర్‌గారికి నా బడి కబుర్లు అన్నం ముందు కూర్చున్నప్పుడే చెవికెక్కుతాయి.

"నువ్వు నడిపేది లైబ్రరీనా, పేపరా? హెడ్డింగైతే జబర్దస్త్‌గ పెట్టినవ్."

నవ్వు రాలేదు నాకు. "పిల్ల రాసింది రాసినట్టే" అని ఆయనకూ చెప్పాను.

కొద్దిగా కుదించాను, అంతే. నాలుగు గీతల చోటు. అందరివీ కుదిస్తాను.

జులై 14, సోమవారం

సార్ అడిగారు. "ఆ చీటీ ఉన్నదా మేడం? ఉంటే తండ్రికి చూపిద్దాం. ముందు వెనక ఏమన్న ఉంటే మనసు కరుగుతది."

"చూస్తాను సార్."

చీటీల డబ్బా బోర్లించాను. బీరువా అడుగు అర దులిపాను. లేదు.

జులై 15

మళ్ళీ వెతికాను. లేదు.

జులై 16, బుధవారం

తొమ్మిది బి పీరియడు. కిటికీ పక్క చోటు ఖాళీ. రైలు పుస్తకం వరుసలోంచి ఆరుగురు పేర్లు కొట్టేయించుకున్నారు. స్రవ్య కూడా. "మా మమ్మీ వద్దన్నది మేడం." పుస్తకం తీసుకున్న ఇంకో పిల్ల నెమ్మదిగా అడిగింది, "చదివినంక ఏం రాయకున్నా నడుస్తది గద?"

ఇవాళ వెనక్కి వచ్చిన పుస్తకాలు పదకొండు. తొమ్మిది చీటీలు ఖాళీ. మిగిలిన రెండింటి మీద "బాగున్నది".

పిల్లలకు మాట రాయడం నేర్పడానికి నాకు ఏళ్ళు పట్టింది. మానేయడానికి వాళ్ళకు వారం పట్టింది.

పూజిత చీటీ ఎక్కడికీ పోలేదు. జులై రెండు నుంచి ఈ డైరీ అట్ట మడతలోనే ఉంది. రోజూ దీన్నే తెరుస్తూ బీరువా వెతికాను. ఇప్పుడు మొత్తం ఎక్కించుకుంటాను, ఒక్క అక్షరం వదలకుండా:

"ఈ పిల్ల ఇల్లు ఇడిసి పోతది. చదువుతుంటే నాగ్గూడ ఒక్కోసారి పోవాలనిపిస్తది. గని నేను పోతే మా నల్ల బర్రె ఎవ్వలకు పాలియ్యది. మా బాపు పరేషాన్ అయితడు. గందుకే పుస్తకంలనే రైలెక్కి, మాపటికి ఇంటికొస్త."

జులై 17, గురువారం

సామాను గదిలో చార్టు విప్పి చూశాను. నాలుగు గీతల చోటు అన్నాను కదా. పూజిత మాట కింద జానెడు చోటు ఉంది. అక్కడ రైలు బొమ్మ వేశాను. పొగతో సహా.

ఎందుకు కోశాను? రాసేటప్పుడు ఏమనుకున్నానో గుర్తు తెచ్చుకుంటే: మొదటి రెండు వాక్యాలు చదవగానే ఒళ్ళు జల్లుమంది. తర్వాత బర్రె వచ్చింది, బాపు వచ్చాడు. పెద్దవాళ్ళను ఊరడించడానికి రాసిన మాటలనిపించింది. పిల్లలు పరీక్షల్లో కథకు చివర నీతి తగిలించినట్టు. అది లేకపోతే ఎంత బాగుంటుంది అనుకున్నాను. అనుకుని కోశాను.

ఇంకొకటి ఉంది. పదిహేనేళ్ళప్పుడు నాకూ పోవాలనిపించేది. మా నాన్న విఠల్‌రావుగారు గుళ్ళో అర్చన ముగించుకుని వచ్చేలోపు పూలు, గంధం, ఉతికిన పంచె అన్నీ సిద్ధంగా ఉండాలి. సిద్ధం చేసేది నేను. పొద్దున్నే ఫలక్‌నుమా వైపు వెళ్ళే రైలు కూత వినబడితే చేతిలో గంధపు చెక్క ఆగిపోయేది. ఎవరికీ చెప్పలేదు. ఏ కాగితం మీదా రాయలేదు. ఆ మాటను నా చేతిరాతలో గోడ మీద చూసుకోవాలనిపించిందేమో. ఇంకో పిల్ల పేరు కింద.

ఏమో. ఇలా రాసుకోవడం కూడా తప్పును కాస్త అందంగా చేసుకోవడమేమో.

జులై 18

కిషన్‌బాగ్ వెళ్దామనుకున్నాను. వెళ్ళలేదు.

జులై 19

ఇవాళా వెళ్ళలేదు. రేపు బోనాలు. పండుగ ముందు వాళ్ళింటికి వెళ్ళి లొల్లి పెట్టడం బాగుండదు. అలా అని చెప్పుకున్నాను.

జులై 22, మంగళవారం

వెళ్ళాను.

సందు చివర రేకుల కొట్టం, ఆరు బర్రెలు, పక్కనే రెండు గదుల ఇల్లు. పండుగ పసుపు ఇంకా గడపకు ఉంది. గడప లోపల ఒక ఎయిర్‌బ్యాగు, జిప్పు వేసి. పిల్లను మేనత్త దగ్గరికి పంపడానికి సర్దిందే. భిక్షపతి తల్లి కొమురమ్మ నులకమంచం మీద కూర్చుని ఉంది. తలుపు వెనక పూజిత గాజుల చప్పుడు.

"కూసోండ్రి మేడం" అన్నాడు భిక్షపతి. అనడానికి అన్నాడు.

నిలబడే చెప్పాను. "తప్పు నాది. మీ పిల్ల రాసినదాంట్ల సగమే పెట్టిన. మొత్తం ఇగో." చీటీ తీసి చదవబోయాను.

"మీరు సదవకుండ్రి మేడం. మీరు ఒకసారి సదివిండ్రు గద" అన్నాడు. "బిడ్డా, నువ్వు రా. నువ్వు సదువు."

పూజిత వచ్చి చీటీ తీసుకుంది. నా వైపు చూడలేదు. పాఠం అప్పజెప్పినట్టు గబగబా చదివింది. నల్ల బర్రె దగ్గరికి వచ్చేసరికి కొమురమ్మ అందుకుంది.

"ఔ మల్ల. అది ఎవ్వలకియ్యది. నేను ముట్టవోతే తంతది. దీనికైతె మెడ గూడ ఆనిస్తది."

"నువ్వాగు అమ్మా. సదవనియ్యి."

చివరిదాకా చదివింది. భిక్షపతి కొట్టం వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేదు. ఊరికే ఒక తాడు సరిచేశాడు. ముఖం భుజానికి తుడుచుకుని వచ్చాడు.

"గింత మంచిగ రాస్తే సగం ఎందుకు కోసిండ్రు మేడం?"

"చోటు..." అన్నాను. ఆగిపోయాను. "చోటుండె. నేనే కోసిన."

"ఎందుకు?"

"అట్ల మంచిగుంటదనుకున్న."

కొమురమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "పాలల్ల నీళ్ళు కలిపెటోళ్ళను చూసిన. సగం పాలు పారబోసి అమ్మెటోళ్ళను నిన్నే చూస్తున్న బిడ్డా."

భిక్షపతి నవ్వాడు. నవ్వాక నాకంటే చిన్నవాడిలా కనిపించాడు.

"ఒక్క మాట మేడం. గిది మొత్తం మల్ల గోడకు పెట్టాలె. గ్రూపుల గూడ పెట్టాలె. గల్లా కాడాయనతోనే నేను సదివిపిచ్చుకుంట. ఒకటో తారీఖు పెడతనంటే, ఎల్లుండి నుంచి పిల్ల బడికొస్తది. పెట్టకుంటే మా చెల్లె కాడికే."

"పెడత" అన్నాను. వెంటనే అన్నాను. ఇంత సులభంగా దిద్దుకునే తప్పు దొరికినందుకు సంతోషం కూడా వేసింది. చీటీ తిరిగి నా చేతికిచ్చాడు. వచ్చేటప్పుడు చాయ్ తాగించారు. చిక్కటి పాలు.

జులై 24, గురువారం

పూజిత బడికి వచ్చింది. అన్నం బెల్లు కొట్టాక లైబ్రరీకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మేడం, మొత్తం పెట్టకుండ్రి."

"ఎందుకు? నువ్వు రాసిందే గద."

"నేనే రాసిన. కొట్టంల కూసోని ముందటి రెండు ముక్కలు రాసిన. గప్పుడే నాయినమ్మ వచ్చి, ఏం రాస్తున్నవే, చదువు, నేనింట అన్నది. గదొక్కటే చదివితే ఇంట్ల లొల్లయితది. గందుకే బర్రె సంగతి కలిపి చదివిన. చదివినంక రాయక తప్పలే, కాయిదం పట్టుకొని చూస్తున్నది. మల్ల ఆమె గదంత మర్చిపోయింది."

"అంటే అది అబద్ధమా?"

బల్ల మీద గోటితో ఒక గీత గీసింది. "అబద్ధం గాదు. అది నిజంగనే ఎవ్వలకు పాలియ్యది. బాపు నిజంగనే పరేషాన్ అయితడు."

"మరి?"

"గోడ మీద గదొక్కటే ఉంటే, నేనేనా ఇది రాసింది అనిపించింది మేడం. భయమైంది. మస్తు మంచిగ గూడ అనిపించింది. మూడు నాలుగు దినాలే. మల్ల దినం బాపుకు తెలిసె."

"మీ బాపుకు మాటిచ్చిన పూజితా."

"ఎరికే. పెట్టకుంటే నన్ను తోలేస్తడు. అది గూడ ఎరికే."

"నన్నేం చెయ్యమంటవ్ మరి?"

పిల్లను అడిగాను ఆ మాట. నలభై ఆరేళ్ళదాన్ని.

"ఏమో మేడం. పెద్దోళ్ళు మీరు గద."

జులై 28, సోమవారం

పేరు లేకుండా పెడదామా అని సార్‌ను అడిగాను. "ఒక విద్యార్థిని" అని. ఆయన నా ఎదుటే భిక్షపతికి ఫోను చేశారు. స్పీకర్లో అతని గొంతు, వెనక గిన్నెల చప్పుడు.

"సార్, పేరుతోని పోయిన ఇజ్జత్ పేరుతోనే రావాలె. మీకేం ఫికర్? మంచిమాటే గద రాసింది."

సార్ ఫోను పెట్టేసి "ఆయనన్నది కరెక్టే మేడం" అన్నారు. కరెక్టే.

సార్‌కు పూజిత చెప్పింది చెప్పలేదు. చెబితే భిక్షపతిదాకా పోతుంది. ఆ పిల్ల తలుపు దగ్గరగా వేసి చెప్పిన మాట.

జులై 30, బుధవారం

చార్టు తెచ్చాను. పీరియడంతా పూజిత సోషల్ టెక్స్టుబుక్కు చదివింది. బీరువా దగ్గరికి వెళ్ళలేదు.

కొత్త పద్ధతి ఒకటి మొదలుపెట్టాను. చీటీ రాసినవాళ్ళు వెనకవైపు "గోడకు సరే" అని గానీ "మీకే" అని గానీ రాయాలి. ముందే పెట్టి ఉండాల్సింది. మొదటిరోజు మూడు చీటీలు వచ్చాయి. మూడింటి మీదా "మీకే". అయినా వాటిలో మాటలున్నాయి. ఒకటి అర పేజీ ఉంది.

ఆగస్టు 1, శుక్రవారం

పెట్టాను.

"మన లైబ్రరీ కబుర్లు, ఆగస్టు." మొదట నా మాట: "జులై పత్రికలో పూజిత రాసిన దాంట్లో సగమే వేశాను. తప్పు నాది. పూర్తి మాట ఇది." తర్వాత ఆ అయిదు వాక్యాలు. పేరు, క్లాసు, సెక్షను. బొమ్మ వేయలేదు. సార్ ఫొటో తీసి గ్రూపులో పెట్టారు.

మధ్యాహ్నం కాకముందే భిక్షపతి సార్ ఫోనుకు మాట పంపాడు. సార్ నన్ను పిలిచి వినిపించారు. "సార్, సదివిపిచ్చిన. గల్లా కాడాయన సదివి, లేచి చెయ్యి కలిపిండు. చాయ్ పైసలు తీసుకోలే. మేడంకు చెప్పుండ్రి, మా పిల్ల పది దాక గాదు, ఎంత దాకంటే గంత దాక సదువుతది."

విని సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నేను కూడా సంతోషపడ్డాను. ఆ సంతోషం అబద్ధం కాదు. ఒక్క చార్టుతో ఒక పిల్ల చదువు నిలబడింది.

పూజిత చార్టు ముందు నిలబడటం వరండా చివరి నుంచి చూశాను. తల పక్కకు వంచలేదు. సూటిగా చూసి, చదివి, క్లాసుకు వెళ్ళింది.

చివరి పీరియడులో స్రవ్యతో లైబ్రరీకి వచ్చింది. బీరువా వైపు వెళ్ళకుండా నా బల్ల ముందు ఆగింది.

"పుస్తకం ఇయ్యుండ్రి మేడం."

"చూసి తీసుకో. ఎప్పుడు నువ్వే తీసుకుంటవ్ గద."

"మీరే ఇయ్యుండ్రి. బర్రెలున్న పుస్తకం ఏదన్న ఉంటే. ఇంట్ల చదివి ఇనిపిస్త."

స్రవ్య పకపకా నవ్వింది. పూజిత కూడా నవ్వింది. స్రవ్యతో కలిసి నవ్విందో, నన్ను చూసి నవ్విందో తెలియలేదు. చెయ్యి చాపి నిలబడింది. నేను లేచి బీరువా తలుపు తీశాను. ఇరవై రెండు కొత్త పుస్తకాలున్నాయి, అన్నీ నేను చదివినవే, ఏ పిల్లకు ఏది నచ్చుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చెయ్యి ఏ అట్ట మీదా ఆగలేదు. బెల్లు కొట్టారు.

"సోమవారం వస్త తీ మేడం" అని వెళ్ళిపోయింది.

ఆ పిల్ల సోమవారం బడికి వస్తుంది. అందుకోసమే పెట్టాను, మళ్ళీ ఆ పరిస్థితే వస్తే మళ్ళీ అదే పెడతాను. అంతవరకు తెలుసు. కానీ మొదటిసారి సగం కోసినప్పుడు ఆమెకు అన్యాయం చేశానా, మొత్తం పెట్టిన ఇవాళ చేశానా, ఇది తేల్చుకోలేకపోతున్నాను. ఒక్కోసారి రెండూ అనిపిస్తుంది, ఒక్కోసారి మొదటిదే అనిపిస్తుంది. ఇవాళ సాయంత్రం మాత్రం రెండోదే అనిపిస్తోంది.